జాగ్రెబ్ దాకా వెళ్లిన సౌమ్య, జిల్లాలో దొరకని ఎదుటి జట్టు

2022లో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లోని డైనమో ఫుట్‌బాల్ క్లబ్, తన మహిళల జట్టు కోసం ఇద్దరు భారతీయ అమ్మాయిలతో ఒప్పందం చేసుకుంది. ఒకరు మధ్యప్రదేశ్‌లోని ధార్‌కు చెందిన జ్యోతి చౌహాన్. ఇంకొకరు మన నిజామాబాద్ జిల్లా బంజారా అమ్మాయి గుగులోత్ సౌమ్య. ట్రయల్స్‌లో నెగ్గి సంతకం చేసేనాటికి సౌమ్యకు 21 ఏళ్లు. జొన్న చేలు, పసుపు కొమ్ములు, ఎస్సారెస్పీ కాలువలు చూసి పెరిగిన పిల్ల యూరప్‌లో ఒక ప్రొఫెషనల్ క్లబ్ జెర్సీ వేసుకుంది. అప్పట్లో పేపర్లన్నీ ఆ వార్త రాశాయి, ఫొటోలు వేశాయి. రాయాల్సిన వార్తే, గర్వపడాల్సిన వార్తే. కానీ ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఇన్నేళ్లకు ఒక్క సౌమ్యే ఎందుకు? ఆమె వెనక వరసలో ఇంకో పదిమంది ఎందుకు కనపడరు?

ఉత్తర తెలంగాణ పిల్లల్లో సత్తా లేదని ఎవరూ అనలేరు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, మళ్లీ 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. అదే జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. బాక్సింగ్, పర్వతారోహణ, పరుగు. మూడూ గొప్ప విజయాలే, మూడింటిలోనూ పిల్లలది కష్టమైన బతుకే. అయితే ఈ మూడింటికీ ఉమ్మడిగా ఒక లక్షణం ఉంది. ఒక మంచి కోచ్, ఒక పట్టుదల ఉన్న పిల్ల, కొంత జాగా ఉంటే చాలాదూరం వెళ్లొచ్చు. పరుగెత్తే పిల్లకు రోజూ స్టాప్‌వాచే ప్రత్యర్థి. నిన్నటి టైం కంటే ఇవాళ్టి టైం తగ్గిందా లేదా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.

ఫుట్‌బాల్‌లో అది కుదరదు. ఫుట్‌బాల్ నేర్చుకోవాలంటే ఎదుటి జట్టు కావాలి. అది కూడా తెలియని జట్టు కావాలి, వారం వారం మారుతూ ఉండాలి. ఈ ఒక్క విషయం చుట్టూనే మిగతా కథంతా తిరుగుతుంది.

ఉత్తర తెలంగాణలో ఏ టౌన్‌కు వెళ్లినా పొద్దున ఆరు గంటల గ్రౌండ్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ప్రభుత్వ హైస్కూల్‌దో, కాలేజీదో మొరం గ్రౌండ్. నడుమ క్రికెట్ పిచ్. చుట్టూ వాకింగ్‌కు వచ్చినవాళ్లు. ఒక మూలన ఓ సార్ నాలుగు కోన్లు పెట్టి పిల్లలతో డ్రిల్స్ చేయిస్తుంటాడు. మొరం రాపిడికి బంతి పైపొర లేచిపోయి, లోపలి బట్ట దారాలు బయటికి వేలాడుతుంటాయి. డ్రిల్స్ అయ్యాక పద్నాలుగు మంది పిల్లలు ఏడుగురు ఏడుగురుగా విడిపోయి మ్యాచ్ ఆడతారు. మొదటి నెల ఆట బ్రహ్మాండంగా ఉంటుంది. నాలుగో నెలకు వచ్చేసరికి ఎవరు ఏ కాలితో కొడతారో, ఎవరు కుడికి తిరిగినట్టు చేసి ఎడమకు పోతారో అందరికీ తెలిసిపోతుంది. డిఫెండర్‌కు ఇక ఆలోచించే పని లేదు. ఫార్వర్డ్‌కు కొత్త ఎత్తు వేసే అవసరమూ రాదు. పిల్లలు రోజూ చెమటోడుస్తూనే ఉంటారు, సార్ గొంతు పోయేలా అరుస్తూనే ఉంటాడు, ఆట మాత్రం అక్కడే ఆగిపోతుంది. దీనికి పిల్లలను, సార్‌ను తప్పు పట్టడం అన్యాయం. ఆ పద్నాలుగు మందికి పదిహేనో మనిషి కనపడలేదు, అంతే.

ఆ మొరం నేల ఇంకో అలవాటు కూడా నేర్పుతుంది. బంతి ఎక్కడ ఎగురుతుందో తెలియదు కాబట్టి, అది కాలికి చేరేదాకా పిల్లల చూపు బంతి మీదే ఉంటుంది. యూరప్‌లో తడి గడ్డి మీద బంతి నున్నగా, వేగంగా జారుకుంటూ వస్తుంది. అక్కడి పిల్లలు బంతి రాకముందే ఒకటికి రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసుకుంటారు. ఎవరు దగ్గరికొస్తున్నారు, ఎక్కడ ఖాళీ ఉంది, బంతిని మొదటి తాకుతోనే ఎటు తిప్పాలి అన్నది ముందే తేల్చేసుకుంటారు. మనవాళ్లు బంతిని ఆపి, తలెత్తి, అప్పుడు చూస్తారు. తేడా ఒక్క సెకనే కావచ్చు, ఆ సెకనులో ఎదుటి డిఫెండర్ మీదకి వచ్చేస్తాడు. విదేశీ ట్రయల్స్‌లో మన ఆటగాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వేగంలో, దమ్ములో పెద్దగా తీసిపోరు. గ్రౌండ్ అంచు వెంట దూసుకెళ్లే సౌమ్య లాంటి వింగ్ ప్లేయర్ వేగం ఏ దేశంలోనైనా పనికొస్తుంది. చుట్టూ చూసే అలవాటు మాత్రం కొత్త కొత్త ప్రత్యర్థులతో ఆడితేనే ఒంటబడుతుంది. తెలిసిన పద్నాలుగు మంది నడుమ వెనక్కి చూడాల్సిన అవసరమే రాదు కదా.

సౌమ్య ఎదిగిన తీరును ఈ కోణంలో చూస్తే మెట్లు స్పష్టంగా కనపడతాయి. జిల్లా నుంచి రాష్ట్ర జట్టుకు, అక్కడి నుంచి జాతీయ స్థాయి టోర్నీలకు, ఆ తర్వాత దేశంలో మహిళల పై స్థాయి పోటీ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్‌కు. 2021-22లో టైటిల్ గెలిచిన గోకులం కేరళ జట్టులో ఆమె ఉంది. మణిపూర్, తమిళనాడు, హరియాణా, ఒడిశా అమ్మాయిలతో, ఆఫ్రికా నుంచి వచ్చిన ఫార్వర్డ్‌లతో కలిసి, వాళ్లకు ఎదురుగా ఆడాల్సి వచ్చింది. ప్రతి మెట్టు దగ్గరా ఆమెకు దొరికింది మరింత గట్టి ఎదుటి జట్టు. జాగ్రెబ్ ఆ వరసలో ఇంకో మెట్టు.

మరి జాగ్రెబే ఎందుకు, లండన్ ఎందుకు కాదు? దీనికి కారణం ఆటలో కంటే కాగితాల్లో ఉంది. ఇంగ్లండ్‌లో విదేశీ ఆటగాళ్లకు వర్క్ పర్మిట్ పాయింట్ల లెక్కన ఇస్తారు. ఆటగాడి దేశానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ర్యాంకింగ్‌లో ఉన్న స్థానం, దేశం తరఫున ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఏ స్థాయి లీగ్ నుంచి వస్తున్నారు అన్నవన్నీ చూస్తారు. భారత మహిళల జట్టు 2025లో 60, 70ల మధ్య స్థానాల్లో ఉంది. పురుషుల జట్టు 100 దాటి ఇంకా కిందే ఉంది. ఆ లెక్కల్లో మన పిల్లలకు పాయింట్లు రాలడం చాలా కష్టం. అందుకే మనవాళ్లు వెళ్తున్న దేశాల పేర్లు వేరుగా ఉంటాయి. మణిపూర్‌కు చెందిన బాలాదేవి 2020లో స్కాట్లాండ్ క్లబ్ రేంజర్స్‌కు ఆడి, అక్కడ గోల్ కొట్టింది. పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ 2022లో సైప్రస్ క్లబ్ అపోలోన్‌లో చేరి, యూరప్ మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడిన మొదటి భారతీయురాలు అయింది. డాంగ్‌మేయ్ గ్రేస్ ఉజ్బెకిస్తాన్ వెళ్లింది. ఇవి డబ్బు బాగా ఉన్న లీగ్‌లు కావు. కానీ ఆట క్రమపద్ధతిలో సాగే లీగ్‌లు. ప్రతి వారం మ్యాచ్ ఉంటుంది, పొద్దున ఫిజియో, సాయంత్రం వీడియో చూసి తప్పులు దిద్దుకోవడం ఉంటుంది. 21 ఏళ్ల అమ్మాయికి ఆ దినచర్యే పెద్ద చదువు.

క్రొయేషియా సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 2021 లెక్కల ప్రకారం ఆ దేశ జనాభా 39 లక్షల లోపు. 2011 లెక్కల్లోనే తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు. అంటే మన జనాభాలో తొమ్మిదో వంతు ఉన్న దేశం 1998 ప్రపంచకప్‌లో మూడో స్థానం, 2018లో ఫైనల్, 2022లో మళ్లీ మూడో స్థానం సాధించింది. ఆ జట్టు కెప్టెన్ లూకా మోద్రిచ్‌ను తయారు చేసిన క్లబ్బుల్లో డైనమో జాగ్రెబ్ ముఖ్యమైనది. మోద్రిచ్‌కు పద్దెనిమిదేళ్లు వచ్చినప్పుడు డైనమో ఏం చేసిందో గమనించాలి. బక్కపలచని కుర్రాడు, కాళ్లలో కళ ఉంది. అయినా సొంత జట్టులో బెంచీ మీద కూర్చోబెట్టి ఊరుకోలేదు. పక్క దేశం బోస్నియాలో, మొరటుగా ఆడతారని పేరున్న లీగ్‌కు ఒక సీజన్ అరువు పంపింది. తర్వాత దేశంలోనే ఇంకో చిన్న క్లబ్బుకు పంపింది. ఆ దెబ్బలు తిని, ఆ గుంటల గ్రౌండ్లలో ఆడి వచ్చాకే తన జట్టులో నిలబెట్టుకుంది. ఎదుటి జట్టే ఆటగాణ్ని తయారు చేస్తుందన్న లెక్క వాళ్లకు బాగా తెలుసు.

ఇక్కడ ఒక నియమం చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఫిఫా నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడిని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకు మార్చడానికి వీల్లేదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని పని మీద ఆ దేశానికి వెళ్లి స్థిరపడితే ఒకటి. యూరోపియన్ యూనియన్ లోపల పదహారు దాటినవాళ్లకు ఒకటి. సరిహద్దుకు దగ్గరగా ఉండేవాళ్లకు ఒకటి. నిజామాబాద్‌లోనో జనగామలోనో ఉండే పిల్లలకు ఇవేవీ వర్తించవు. కాబట్టి "మీ అబ్బాయికి పదిహేనేళ్లకే స్పెయిన్ క్లబ్‌లో కాంట్రాక్ట్ ఇప్పిస్తాం, ఇన్ని లక్షలు కట్టండి" అని ఎవరైనా ఇంటికొస్తే, ఆ మాట అక్కడే తేలిపోవాలి. ఫీజు కట్టించుకుని శిక్షణకు పంపడం వేరు, క్లబ్ ఆటగాడిగా రిజిస్టర్ చేయించడం వేరు. పొలం అమ్మి కట్టే ముందు ఈ తేడా తెలుసుకోవడం ఎంతో అవసరం.

ఈ నియమం అర్థం ఇంకోటి కూడా ఉంది. పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా, ఆట నిజంగా ఒంటబట్టే ఆ ఆరేళ్లూ మన పిల్లలు మన దగ్గరే ఉండాలి. జాగ్రెబ్ గానీ, మాడ్రిడ్ గానీ వాళ్లను అప్పుడు తీసుకెళ్లలేవు. ఆ ఆరేళ్లలో మనం ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తున్నాం? ఏడాదికి ముప్పై వారాలు, వారానికి ఒక మ్యాచ్ అనుకున్నా ఆరేళ్లకు నూట ఎనభై అవుతాయి. మన జిల్లాల్లో ఒక పిల్లకు దొరికేవి ఎక్కువగా స్కూల్ గేమ్స్ సెలక్షన్లు, ఆపైన జోనల్, రాష్ట్ర స్థాయి టోర్నీలు. ఒక్కో టోర్నీ మూడు నాలుగు రోజుల్లో ముగిసిపోతుంది. నాకౌట్ అయితే మరీ అన్యాయం. పొద్దున ఓడిపోయిన జట్టు మధ్యాహ్నం బస్సెక్కేస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకుని వచ్చే వారం దిద్దుకుందామంటే, వచ్చే వారం మ్యాచే లేదు. ఓడిన పిల్లకు మళ్లీ ఆడే అవకాశం వచ్చే ఏడాదే. ఈలోగా పదో తరగతి వస్తుంది, ఇంటర్ టెన్షన్ వస్తుంది, ఆడపిల్లయితే ఇంట్లో పెళ్లి మాట కూడా రావొచ్చు.

జాతీయ స్థాయిలోనూ ఈ కరువు ఉంది. 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఆడినవి ఎనిమిది జట్లు. ఒక్కో జట్టుకు పద్నాలుగు మ్యాచ్‌లు. జనవరిలో మొదలై ఏప్రిల్‌కు అయిపోయింది. అందులో తెలంగాణ జట్టు ఒక్కటీ లేదు. లీగ్‌లో ఒక్కో క్లబ్ కనీసం పది మంది ఆటగాళ్లకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా కాంట్రాక్ట్ ఇవ్వాలని జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో నిర్ణయించింది. మంచి అడుగే. అయినా నెలకు ఇరవై ఏడు వేల లోపే. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వస్తే ఆట పక్కన పెట్టి దాన్నే ఎంచుకునే అమ్మాయిని ఎవరు తప్పు పడతారు?

ఒకప్పుడు ఈ రాష్ట్రంలోనే ఎదుటి జట్లకు కొదవ లేని కాలం ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్‌గా భారత జట్టు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ మిలిటరీ జట్లు, పోలీస్ జట్టు, కాలేజీ జట్లు, బస్తీ క్లబ్బులు. ఒక టీనేజ్ కుర్రాడికి సైకిల్ తొక్కితే చేరుకునేంత దూరంలో ఇన్ని రకాల ప్రత్యర్థులు దొరికేవాళ్లు. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ వాతావరణంలోనే తయారై 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. ఆ సంపద అంతా జంటనగరాల్లోనే ఉండిపోయింది. కాజీపేట రైల్వే గ్రౌండ్ లాంటి చోట్ల, సింగరేణి కాలనీల్లో ఆట కొంత బతికింది గానీ, జిల్లాల్లో క్లబ్బుల వ్యవస్థ వేళ్లూనుకోలేదు. తర్వాత నగరంలోనూ అది పల్చబడింది.

బలరాం వెళ్లిన అరవై ఎనిమిదేళ్లకు, అదే ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు 2024-25 లీగ్ గెలిచింది, ఆ జట్టు దాడిలో మన సౌమ్య ముఖ్యురాలు. ఆ సీజన్‌కు జాతీయ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే వచ్చింది. 2025 జూన్‌లో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో జరిగిన ఆసియా కప్ అర్హత పోటీల్లో మంగోలియాను 13-0తో ఓడించిన భారత జట్టులో ఆమె ఉంది. జులై 5న అంతకుముందు రెండు ప్రపంచకప్‌లు ఆడిన థాయిలాండ్‌ను వాళ్ల సొంత గడ్డ మీదే 2-1తో ఓడించి, భారత్ 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. జాగ్రెబ్‌కు వెళ్లడమే సౌమ్య జీవితంలో శిఖరం అన్నట్టు రాయడం ఆమె కష్టాన్ని తగ్గించినట్టే అవుతుంది. ఆమె అసలు ఫలితాలు తిరిగి వచ్చాక వచ్చాయి. విదేశంలో గడిపిన కాలం ఆమెకు పై చదువు లాంటిది. మన ఇళ్లల్లో "ఫారిన్ వెళ్లాడు" అనగానే ఇక గెలిచేసినట్టు లెక్క. ఫుట్‌బాల్‌లో ఆ లెక్క నడవదు. ఎక్కడికి వెళ్లారన్న దానికంటే, అక్కడ ఎంతసేపు ఎవరికి ఎదురుగా ఆడారన్నదే ఆటలో కనిపిస్తుంది.

మరి తొలి మెట్టు దగ్గర పిల్లను పట్టుకున్న ఊరి కోచ్‌కు ఏం దక్కుతుంది? ఫిఫా దగ్గర దీనికి ఒక పద్ధతి ఉంది. కాంట్రాక్ట్ మధ్యలో ఒక ఆటగాణ్ని డబ్బిచ్చి విదేశీ క్లబ్ కొనుక్కుంటే, ఆ మొత్తంలో 5 శాతాన్ని ఆ ఆటగాడు పన్నెండు నుంచి ఇరవై మూడు ఏళ్ల దాకా ఎదిగిన క్లబ్బులకు పంచాలి. ఉదాహరణకు బదిలీ కోటి రూపాయలకు జరిగిందనుకుంటే 5 లక్షలు పంపకానికి వస్తాయి. పన్నెండు నుంచి పదిహేను దాకా ఏడాదికి 25 వేల చొప్పున, పదహారు నుంచి 50 వేల చొప్పున. అంటే పన్నెండు నుంచి పదిహేడు దాకా పిల్లను పెంచిన చిన్న క్లబ్బుకు 2 లక్షలు. రెండు లక్షలంటే ఒక జిల్లా అకాడమీకి ఎన్ని బంతులు, ఎన్ని జతల బూట్లు! కానీ అది అందాలంటే ఆ పిల్ల ఆ వయసులో ఒక గుర్తింపు ఉన్న క్లబ్ పేరు మీద సమాఖ్య ఆన్‌లైన్ వ్యవస్థలో రిజిస్టర్ అయి ఉండాలి. సొంత జేబులోంచి గుడ్లు, అరటిపళ్లు తినిపించి పెంచిన సార్ పేరు అందులో ఎక్కడా ఉండదు. అమ్మాయిల విషయంలో ఇంకా ఘోరం. బదిలీలు ఎక్కువగా డబ్బు లేకుండానే జరుగుతాయి కాబట్టి పంచడానికి ఏమీ ఉండదు. శిక్షణ పరిహారం అని ఫిఫాలో ఇంకో పద్ధతి ఉన్నా, అది మహిళల ఫుట్‌బాల్‌కు వర్తించదని నిబంధనల్లోనే రాసి ఉంది.

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ పడ్డాక 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలే అక్కడ జరిగాయి. సదుపాయం కల్పిస్తే ఈ ఊళ్లు జాతీయ పోటీలకు కూడా సరిపోతాయని అప్పుడే తేలింది. ఫుట్‌బాల్‌కు అంత ఖర్చు కూడా అక్కర్లేదు. కావలసింది ఒక క్యాలెండర్. నిజామాబాద్, కరీంనగర్, హనుమకొండ, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్. ఈ ఆరు ఊళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు అమ్మాయిల జట్లు ఆరు. ఒక్కో జట్టు మిగతా అయిదింటితో ఒకసారి సొంతూళ్లో, ఒకసారి వాళ్లూళ్లో ఆడితే ఒక్కొక్కరికి పది మ్యాచ్‌లు, మొత్తం ముప్పై. ఆదివారం పొద్దున మ్యాచ్, సాయంత్రానికి ఇల్లు. ఆదిలాబాద్ లాంటి దూరపు ఊళ్ల వాళ్లకు మాత్రం శనివారం రాత్రి పడక ఏర్పాటు చూడాలి. రెఫరీకి ఇంత, మధ్యాహ్నం భోజనానికి ఇంత, ఫస్ట్ ఎయిడ్‌కు ఇంత అని లెక్క వేసుకుంటే ఒక మండలంలో క్రికెట్ టోర్నీకి చందాలు పోగయ్యే మొత్తంతో చాలావరకు నడిచిపోతుంది.

ప్రయాణ ఖర్చు అంటారా? 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయిలకు టికెట్ డబ్బులు లేవు. హనుమకొండ బస్టాండ్‌లో కరీంనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పద్నాలుగు ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టర్ పద్నాలుగు జీరో టికెట్లు కొట్టి ఇస్తాడు. అవతల కరీంనగర్‌లో ఎదుటి జట్టు ఎదురుచూస్తూ ఉంటే చాలు.